ముట్టుకుని చూసిన తీగలు

సులై, రియాద్
21 నవంబర్ 2025, శుక్రవారం

చిరంజీవి శ్రీలతకు,

నాన్న నర్సింలు దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను, అక్కడ నువ్వూ అమ్మా బాగుండాలని కోరుకుంటున్నాను. ఈ రెండు ముక్కలూ నేను నోరు తెరవకముందే చెంచయ్య రాసేశాడు. ఏ ఉత్తరమైనా ఇలాగే మొదలవ్వాలట. చెంచయ్య అంటే మా క్యాంపులో టైమ్‌కీపర్, రాజంపేట వైపు మనిషి. రోజూ ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకుని ఫోర్‌మన్‌కు ఇస్తాడు. శుక్రవారం నాడు మాత్రం అడిగినవాళ్ళకు ఉత్తరాలు, అర్జీలు రాసిపెడతాడు. నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుందని నువ్వు మూడో తరగతి నుంచి నవ్వుతూనే ఉన్నావు కదా, అందుకని ఈసారి గుండ్రంగా రాసేవాడిని పట్టుకున్నాను. నేను మన మాటలో చెబుతుంటే ఆయన పుస్తకం మాటలో రాస్తున్నాడు. మా నాన్న ఇంత సాఫుగా ఎప్పటి నుంచి మాట్లాడుతున్నాడని ఆశ్చర్యపోకు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు, ఎత్తినా అమ్మకు ఇచ్చేస్తావు. నలభై రోజులైంది. మెసేజి పెడితే నీలం గీతలు రెండూ పడతాయి, జవాబు మాత్రం రాదు. మా గదిలో ఉండే ఎల్లన్న సోమవారం సెలవు మీద వస్తున్నాడు, మనకు పక్క ఊరే. ఈ ఉత్తరం, దీంతోపాటు ఒక చిన్న పొట్లం ఆయనకు ఇస్తున్నాను. నువ్వు ఉత్తరం చదివేదాకా టీ తాగుతూ అక్కడే కూర్చోమని చెప్పాను. ఎల్లన్న టీ ఎంత నెమ్మదిగా తాగుతాడో నీకు తెలియదు, కాబట్టి చదివేయడమే మంచిది.

విషయానికి వస్తాను. సెప్టెంబర్‌లో నేను పంపిన బేస్ గిటారు తీగల వల్ల నీ వేళ్ళు పగిలిపోయాయి. అమ్మ పంపిన ఫోటో చూశాను. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు చివర బొబ్బలు లేచి చితికిపోయి ఉన్నాయి. ఎడమచేతి వేళ్ళ మీద అడ్డంగా గాట్లు ఉన్నాయి. కాలేజీలో సెలక్షన్ రోజున రెండో పాట మధ్యలోనే నువ్వు చెయ్యి తీసేశావని, మిగతా బేస్ అంతా కీబోర్డు వాయించే అతనే సర్దాడని అమ్మ చెప్పింది. ఆ సాయంత్రం నువ్వు ఫోనులో నన్ను ఒకే ఒక్క మాట అడిగావు. "నాన్నా, అసలు ముట్టుకొని చూసినవా? నీ చేత్తోని ముట్టుకొనే తెచ్చినవా?" అన్నావు. ముట్టుకున్నానని చెప్పాను. నువ్వు నమ్మలేదు. షాపుకు పోయే ఓపిక లేక ఎవరికో చెప్పి తెప్పించానని అనుకున్నావు.

తరవాత గిటారును మా పాత ఆర్కెస్ట్రా సుభాన్ భాయ్ కొట్లో ఇచ్చేస్తానని అన్నావట. జనవరిలో యూనివర్సిటీ పండగకు ఇంకొక సెలక్షన్ ఉందని మీ సార్లు చెప్పినా వద్దన్నావట. నేను ఈ ఉత్తరం రాయించేది దాని కోసమే. నాతో మాట్లాడకపోయినా సరే, గిటారు ఇచ్చేయకు.

చెంచయ్య రాయడం ఆపి, గిటారుకు ఇంత కథేందప్పా అని అడుగుతున్నాడు. ఆయనకు చెప్పినదే నీకూ రాయిస్తున్నాను, నీకు తెలిసినదే అయినా.

నేను ఇక్కడికి రాకముందు ఎనిమిదేళ్ళు సుభాన్ భాయ్ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాను. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు, ఎక్కడ పెళ్ళి ఉంటే అక్కడికి, గణేశ్ నవరాత్రులు వస్తే రోజుకొక ఊరు. పాడేవాళ్ళను జనం చూస్తారు, కీబోర్డు వాయించేవాడిని చూస్తారు, బేస్ వాయించేవాడు ఎక్కడున్నాడో కూడా ఎవరికీ తెలియదు. వాడు ఆపితే మాత్రం పాటలో ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది. నాకు ఆ పని అందుకే నచ్చింది. నీకూ అందుకే నచ్చిందని సుభాన్ భాయ్ అన్నప్పుడు నేను ఇక్కడ గదిలో అందరికీ టీ పోశాను.

ఆ రోజుల్లో తీగలు హైదరాబాద్ నుంచి విడి కట్టలుగా వచ్చేవి, మీద కాగితం ఉండేది కాదు. ఉన్నా అందులోని ఇంగ్లీషు చదవడం మాలో ఎవరికీ రాదు. సుభాన్ భాయ్ మమ్మల్ని కళ్ళు మూసుకోమనేవాడు. ఒక్కో తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాలి. "కండ్లు మూస్కోరా, ఏలుతోని చూడు, గీక్కపోయేది పక్కకు పెట్టు" అనేవాడు. వేలికి మెత్తగా తగిలినవి పెళ్ళిళ్ళకు, ఎందుకంటే అక్కడ ఐదారు గంటలు ఆపకుండా వాయించాలి. గరుకువి చిన్న కార్యక్రమాలకు. ఎనిమిదేళ్ళలో నేను ఒక్క తీగ కూడా తప్పుగా తీయలేదు. అందుకే నువ్వు తీగలు కావాలన్నప్పుడు అన్ని గొప్పలు పోయాను. చీర తెమ్మంటే భయపడతాను గానీ తీగ తెమ్మంటే నన్ను మించినవాడు లేడని చెప్పాను. గుర్తుంది కదా, నువ్వు నవ్వావు.

సెప్టెంబర్‌లో మెట్రో ఎక్కి ఆ సంగీతం షాపుకు వెళ్ళాను. పదేళ్ళ కిందట నేను వచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో గిటారు నా కంటబడలేదు. ఇప్పుడు అద్దాల షాపులో వరసగా వేలాడుతున్నాయి, అబాయాలు వేసుకున్న ఆడపిల్లలు తండ్రులతో వచ్చి వాయించి చూసుకుంటున్నారు. ఒక బల్ల మీద నాలుగు రకాల బేస్ తీగలు బిగించి పెట్టారు, ముట్టుకుని చూడటం కోసమే. నేను కళ్ళు మూసుకుని నాలుగూ లాగి చూశాను. అన్నీ బాగానే అనిపించాయి. ఒకటి ఎంచి ఇమ్మన్నాను. తప్పంతా ఆ తరవాత జరిగింది. అక్కడి సేల్స్‌మన్ ప్యాకెట్ మార్చేశాడు. నేను చూపించింది ఒకటి, అతను కట్టి ఇచ్చింది ఒకటి. నేను ప్యాకెట్ చదవలేను కాబట్టి అలాగే పంపేశాను.

పోయిన శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. సేల్స్‌మన్ ఫిలిప్పీన్స్ మనిషి, నా వయసువాడే, జుట్టు సగం నెరిసింది. అతనికి వచ్చిన హిందీ, నాకు వచ్చిన ఇంగ్లీషు కలిపి గంటసేపు మాట్లాడుకున్నాం. అతను చెప్పినవి నీకు పనికొస్తాయి, కాబట్టి అన్నీ రాయిస్తున్నాను.

నీకు వచ్చినవి స్టీలు తీగలు. లోపల ఒక కడ్డీ లాంటి తీగ, దాని మీద సన్నటి గుండ్రటి తీగను చుట్టుకుంటూ పోతారు. గుండ్రటి తీగ కాబట్టి చుట్టుకూ చుట్టుకూ మధ్య గాడి పడుతుంది. వేలు జరిపిన ప్రతిసారీ ఆ గాళ్ళు చర్మాన్ని గీస్తాయి. స్టీలు గట్టి లోహం, తొందరగా అరగదు, కాబట్టి వేలే అరుగుతుంది. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలు, ఆ ఫ్రెట్లు కూడా అరుగుతాయట. మోత మాత్రం గంటలా ఉంటుంది, రాక్ వాయించేవాళ్ళు అదే కావాలంటారు. అలవాటు పడి వేళ్ళు కాయలు కాచినవాళ్ళకు ఇబ్బంది ఉండదు. నువ్వు వాయిస్తున్నది ఏడాదిగానే కదా, నీకు ఇంకా అంత గట్టి తోలు రాలేదు.

అదే చుట్టుడులో నికెల్ పూత వేసినవి ఉన్నాయి. గాళ్ళు అలాగే ఉంటాయి గానీ లోహం కాస్త మెత్తన, అందుకని తక్కువ గీస్తుంది. ఎక్కువమంది కొనేది అవేనట. మూడో రకంలో గుండ్రటి తీగకు బదులు రిబ్బను లాంటి చదును తీగ చుడతారు. గాడే ఉండదు, వేలు జారిపోతుంది, ఫ్రెట్టు నుంచి ఫ్రెట్టుకు పోతే కీచుమన్న చప్పుడు కూడా రాదు. కానీ అందులో చాలావాటికి బిగువు ఎక్కువ, నొక్కడానికి బలం కావాలి. గీతలు తప్పుతాయి, ఎడమచెయ్యి నొప్పి పెడుతుంది. ఈ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. మా కాలంలో మెత్తన, గరుకు, రెండే మాటలు.

నాలుగోది నేను పంపుతున్నది. లోపల లోహమే, పైన నల్లటి నైలాన్ పట్టీ చుట్టి ఉంటుంది. వేలికి తగిలేది లోహం కాదు, నైలాను. ఈ రకానికి బిగువు కూడా తక్కువ. మోత గుమ్మని లోతుగా వస్తుంది, స్టీలంత గట్టిగా పలకదు, పాత పాటలకు బాగుంటుంది. నువ్వు సెలక్షన్‌కు ఎంచుకున్నది మెలోడీయే కాబట్టి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. ఇవి లావుగా ఉంటాయి. మన గిటారు మెడ పైన తీగలు కూర్చునే గాళ్ళు సన్నవి, పట్టకపోవచ్చు. బలవంతంగా దూర్చకు. సుభాన్ భాయ్‌కి చూపించు, ఆకురాయితో కొద్దిగా వెడల్పు చేస్తాడు. అలాగే తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడమను. ఎత్తుగా ఉంటే ఏ తీగ కట్టినా వేలు నొస్తుంది. పాతవి ఒకేసారి నాలుగూ తీసేయకు, ఒక్కోటి మార్చు. వాయించాక పొడిబట్టతో తుడువు. పుళ్ళు పూర్తిగా మానకముందు ముట్టుకోకు. మొదటి వారం రోజుకు పావుగంట చాలు. నువ్వు నా కూతురివి, పావుగంట అంటే రెండు గంటలు వాయిస్తావు, అందుకే అమ్మను గడియారం చూడమని చెప్పు.

ఇక ఇక్కడి సంగతులు. పాత బిల్డింగులు పడగొట్టే పనే నడుస్తోంది. నాకు బ్రేకరే ఇచ్చారు. రోడ్డు పగలగొట్టే ఆ మిషను నువ్వు చూసే ఉంటావు. తొమ్మిదేళ్ళుగా అదే నా చేతిలో ఉంది, గిటారు కంటే ఒక ఏడాది ఎక్కువ. చలి మొదలైంది. పొద్దున పనికి పోయేటప్పుడు రెండు జతల గ్లౌజులు వేసుకుంటున్నాను. క్యాంపులో నీళ్ళు వేడిచేసే గీజరు పాడైంది, బాగు చేస్తామని రోజూ అంటున్నారు. ఎల్లన్న తన పెట్టెను ఇప్పటికి ఐదుసార్లు తూచాడు, ప్రతిసారీ ఒక సబ్బు తీస్తాడు, మళ్ళీ పెడతాడు. వచ్చే నెల మాకందరికీ మెడికల్ పరీక్ష ఉంది. మా గ్యాంగులో బీహార్ అతనొకడికి చెయ్యి వణుకుతోందని ఫోర్‌మన్ రాసి పంపితే, పదిహేను రోజుల్లో ఖురూజ్, అంటే పని నుంచి తీసేసి దేశం విడిచి పొమ్మనే ముద్ర, కొట్టి ఇంటికి పంపేశారు. మంచి పనివాడు.

నా ఆరోగ్యానికేం, రాయిలా ఉన్నాను. గదిలో వంట నాదే. రొట్టెను పెనం మీద నుంచి ఒట్టి చేత్తో తీస్తాను. "నీవి చేతులా ఇనుపముక్కలా అప్పా" అని చెంచయ్య అంటుంటాడు, ఇప్పుడు ఆ మాటే తానే రాసుకుంటూ నవ్వుతున్నాడు.

అమ్మను బీడీల పని కొంచెం తగ్గించుకోమను, మెడనొప్పి అని మొన్న కూడా అంది. నువ్వు చదువు చూసుకో. పొట్లం విప్పు. ఫోను ఎత్తమని అడగడం లేదు. తీగలు కట్టాక ఒక్కసారి వాయించి, ఆ చప్పుడు రికార్డు చేసి పంపినా చాలు.

ఇట్లు,
మీ నాన్న
నర్సింలు

తా.క. ఇక్కడి నుంచి నా చేతిరాత. చెంచయ్య కవరు నా చేతికిచ్చి బట్టలు ఉతుక్కోవడానికి పోయాడు. అక్షరాలు కోడి గీకిన దానికంటే అన్యాయంగా ఉంటాయి. పెన్ను పిడికిట్లో పట్టుకుని రాస్తున్నాను. వేళ్ళతో పట్టుకుంటే ఎప్పుడు జారిందో తెలియడం లేదు, కాగితం మీద గీత ఆగిపోయాక చూసుకోవలసి వస్తోంది.

షాపువాడు ప్యాకెట్ మార్చలేదు. నేను అడిగిందే ఇచ్చాడు. పాపం అతని మీద అబద్ధం రాయించాను.

నీ వేళ్ళ ఫోటో చూశాక నేను అతనితో పోట్లాడటానికే పోయాను. అతను కోప్పడలేదు. స్టీలు తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి తెచ్చి నా ముందు పెట్టి చూడమన్నాడు. నేను సుభాన్ భాయ్ నేర్పినట్టు కళ్ళు మూసుకుని లాగాను. రెండూ ఒకటే. ఒకే తీగను రెండుసార్లు ఇస్తున్నాడనుకుని మళ్ళీ ఇమ్మన్నాను. మళ్ళీ ఒకటే. కళ్ళు తెరిస్తే ఒక చేతిలో తెల్లగా గాళ్ళు గాళ్ళుగా ఉన్నది, ఇంకో చేతిలో నల్లగా నున్నగా ఉన్నది. చూస్తూ లాగినా వేళ్ళకు ఏమీ తెలియలేదు. సెప్టెంబర్‌లో కూడా నాలుగు తీగలూ ఒకటిగానే తగిలాయి. ఈమధ్య తయారీ బాగుపడింది, అన్నీ మెత్తగా చేస్తున్నారు అనుకున్నాను. ఏది గట్టిగా మోగుతుందని అడిగి, అదే కొన్నాను. ఎనిమిదేళ్ళు వాయించినవాడిని, నాలుగు తీగలు ఒకటిగా ఉండవన్న బుద్ధి నాకు పుట్టలేదు.

మూడు చలికాలాల నుంచి పొద్దున పూట వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడుతున్నాయి. చలికనుకున్నాను. చొక్కా గుండీలు చూసుకుంటూ పెట్టుకోవాలి. రొట్టె వేడి తెలియకపోవడం బలం కాదు. ఇవన్నీ నాకు విడివిడిగా తెలుసు. నీ వేళ్ళు పగిలిన తరవాత కలిపి చూసుకున్నాను. బ్రేకర్ వల్లనే అయి ఉంటుంది.

చెంచయ్య చెడ్డవాడు కాదు. కానీ ఆయన రాసే పుస్తకం రోజూ ఫోర్‌మన్ చూస్తాడు, బీహార్ అతని సంగతి నీకు రాయించాను కదా. మెడికల్‌లో డాక్టరు అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. భయపడాల్సిన మాటే, భయం వేయడం లేదు. ఆ రోజు షాపు బయట మెట్ల మీద కూర్చుని ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కాసేపటికి లేచి మళ్ళీ లోపలికి పోయాను, నీ తీగలు ఇంకా కొనలేదని.

ఈసారి వేళ్ళతో చూడలేదు. స్టీలు తీగను కింది పెదవి మీద పెట్టి లాగాను. ఆకురాయితో రాకినట్టు గీసుకుపోయింది, రక్తం ఉప్పగా నాలుకకు తగిలింది. నువ్వు దాని మీద నెల రోజులు సాధన చేశావు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తరవాత నికెల్‌ది, చదునుది, నల్లది ఒక్కోటీ పెదవి మీద లాగి చూశాను. తీగలను ముద్దు పెట్టుకుంటున్నానని షాపులో ఆడపిల్లలు నవ్వుకున్నారు. ఫిలిప్పీన్స్ ఆయన మాత్రం నవ్వలేదు, ఒక్కో తీగ తుడిచి అందించాడు. నల్లది మెత్తగా ఉంది బిడ్డా. ఇది నిజం, నేను చూశాను.

ఈ పేజీ అమ్మకు చదవకు, నేనే చెబుతాను.

నువ్వు అడిగినదానికి ఆ రోజు ఫోనులో సగమే జవాబు చెప్పాను. ముట్టుకున్న బిడ్డా, చేత్తోనే ముట్టుకున్న, నాకు తెల్వలే. కొత్తవి కట్టాక ఎక్కడైనా నొప్పి పుడితే ఓర్చుకోకు, వెంటనే ఆపి నాకు చెప్పు. గిటారు ఎవరికీ ఇవ్వకు. మనిద్దరిలో తీగ తెలిసే వేళ్ళు ఇక నీవే.